కిటికీ కింద కుళాయి

అమెరికాలోని మినసోటా రాష్ట్రపు పల్లెల్లో పాత ఇళ్లు చాలావరకు కుళాయి నీళ్లు రాకముందు కట్టినవి. 1936లో గ్రామీణ విద్యుదీకరణ చట్టం వచ్చాకే ఇక్కడి రైతుల ఇళ్లలో ఎక్కువ వాటికి కరెంటు అందింది. అంతకుముందు పెరట్లో చేతిపంపు, దానికి దూరంగా చెక్కలతో కట్టిన మరుగుదొడ్డి. కరెంటు వచ్చాక బావికి మోటారు బిగించి, నీళ్లు ఇంట్లోకి తెచ్చుకున్నారు. అప్పటికే నిలబడి ఉన్న ఇంట్లో ఎక్కడ సందు దొరికితే అక్కడ పైపులు దూర్చారు. గిన్నెలు తోముకుంటూ బయటికి చూడొచ్చని సింకును కిటికీ కింద పెట్టారు. దాని పైపు బయటి గోడలోంచే పైకి వస్తుంది. వెనక వరండాకు గోడలు కట్టి స్నానాలగది చేశారు. దాని కింద మనిషి పాకితే పట్టేంత ఖాళీ తప్ప ఏమీ ఉండదు.

ఆ పైపులకు ఎదురయ్యే చలి మామూలుది కాదు. ఈ రాష్ట్రంలోనే టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఇప్పుడు కొత్తగా పునాది తవ్వాలంటే దక్షిణాన మూడున్నర అడుగులు, ఉత్తరాన ఐదడుగుల లోతుకు పోవాలని ఇక్కడి నిబంధన. శీతాకాలంలో నేల అంత లోతుదాకా గడ్డకట్టొచ్చు.

నేనుండే ఇల్లు కూడా అలాంటి పాతదే. దాని పైపుల గురించి నాకు తెలిసిందంతా ఈ ఊరి ముసలి ప్లంబరు వెనకాల టార్చిలైటు పట్టుకుని తిరుగుతూ నేర్చుకున్నదే. పైపు గడ్డకట్టిందని ఎవరు పిలిచినా ఆయన ముందు పైపు దగ్గరికి వెళ్లరు. "ఈ ఏడాది ఇంట్లో ఏం మార్చారు?" అని అడుగుతారు. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది ఆ ప్రశ్నే.

డెబ్భై ఏళ్లుగా ఎప్పుడూ గడ్డకట్టని పైపు ఒక జనవరిలో ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. ఆరా తీస్తే, వేసవిలో పాత ఫర్నేసు తీసేసి తక్కువ గ్యాసు కాల్చే కొత్తది పెట్టించుకుని ఉంటారు. లేదా కాళ్లకు చల్లగా తగులుతోందని నేలపలకల అడుగున వేడిని ఆపే గాజుదూది పొరలు కొట్టించి ఉంటారు. పాత ఫర్నేసు బేస్‌మెంటులోకి వదిలేసిన వేడి, పలకల సందుల్లోంచి కిందికి జారిన వేడి ఇన్నాళ్లూ ఆ పైపులను కాపాడుతూ వచ్చాయి. వృథా అని ఆ వేడిని ఆపేశాక గది వెచ్చబడింది, గది కింది పైపు చల్లబడింది. ఇల్లు వెచ్చగా ఉంచుకోవద్దని నేననను. గోడ మూసేముందు పైపును దూదికి ఇవతల, గది వెచ్చదనం తగిలే వైపుకు మార్చాలి. ఈ క్రమం తప్పితే ఎంత మంచి సామాను వాడినా లాభం లేదు.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అయితే పైపు పగిలేది ఎప్పుడూ గడ్డ ఉన్న చోటే కాదు. గడ్డకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటికి పోయే దారి ఉండదు. ఆ ఒత్తిడికి పైపు అక్కడ చీలుతుంది. అందుకే చలి ముదిరిన రాత్రి కుళాయి సన్నగా తిప్పి ఉంచమంటారు. కరిగించేటప్పుడు కూడా ముందు కుళాయి తెరిచి, అటువైపు నుంచే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసుకుంటూ గడ్డ వైపు రావాలి. మంట మాత్రం పెట్టకూడదు. ఎండిన పాత చెక్క గోడలో నిప్పు అంటుకుంటే ఇల్లే పోతుంది.

కుళాయి తిప్పి ఉంచమన్న సలహా పట్నంలో సరిపోతుంది. ఇక్కడ ప్రతి ఇంటికీ సొంత సెప్టిక్ ట్యాంకు. బొట్టుబొట్టుగా వెళ్లే నీరు ట్యాంకు చేరేలోపే మట్టిలోని పైపులో పొరలుపొరలుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. పైన కుళాయి దక్కినా కింద మురుగు నిలిచిపోతుంది. పల్లె ఇంట్లో చేయాల్సింది వేరే: సింకు కింద అల్మారా తలుపులు తెరిచి పెట్టి, గది వెచ్చదనాన్ని పైపుకు తగలనివ్వాలి. ట్యాంకు ఉన్న చోట వేసవి చివర్నుంచే గడ్డి కోయకుండా పెరగనివ్వాలి, చలికి ముందు ఎండుగడ్డి ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల మందాన పరవాలి. మెత్తగా కురిసిన మంచు నేలలోని వేడిని పోనివ్వదు. దాన్ని బండ్లతో తొక్కి గట్టిపరిస్తే ఆ గుణం పోతుంది. చలి ముందొచ్చి మంచు ఆలస్యమైన ఏడాది సెప్టిక్ వాళ్లకు తీరిక ఉండదు.

పాత ఇళ్లలో ఉండే జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుల సంగతి మన ఊళ్లలోనూ తెలిసిందే. జింకు పూత అరిగి, లోపల తుప్పు, సున్నం పేరుకుని ధార సన్నబడుతుంది. దానికి రాగి గొట్టం నేరుగా కలిపితే ఆ అతుకు దగ్గర ఇనుమును తుప్పు ఇంకా త్వరగా తినేస్తుంది. చలి తెచ్చే ఇబ్బంది ఇంకొకటి ఉంది: మరీ చలిలో, మురుగు పైపులకు గాలి అందించే పైకప్పు మీది గాలిపైపు మూతి ఆవిరితో గడ్డకట్టి మూసుకుపోతుంది. అప్పుడు సింకులు గుడగుడమంటాయి, ఇంట్లోకి మురుగు వాసన వస్తుంది. జనం కాలువ పైపును అనుమానిస్తారు, లోపం ఇంటి నెత్తిన ఉంటుంది.

ఇక్కడి చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు డాక్టర్లు కొందరు సంక్రాంతికి ఇంటికి వెళ్తుంటారు. పండగ సరిగ్గా ఇక్కడ చలి నడినెత్తికొచ్చిన వారాల్లో పడుతుంది. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఫర్నేసును 13 డిగ్రీల సెల్సియస్ కిందికి దించకండి. అంతకన్నా మేలు, నీళ్లే తీసేసి వెళ్లండి. ముందు వాటర్ హీటర్ ఆపాలి, తర్వాత బావి మోటారు ఆపాలి, అన్నిటికన్నా కింద ఉన్న కుళాయితో సహా అన్నీ తెరిచి పైపులు ఖాళీ చేయాలి. హీటర్‌లో నీళ్లు కూడా వదిలేయాలి. సింకు వంపుల్లో, కమోడులో నిలిచే నీటి కోసం పైపులకని అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోయాలి. కారుకు వాడే మామూలు యాంటీఫ్రీజ్ విషం, దాన్ని ఇంటి పైపుల్లోకి రానివ్వకండి.