ఒక్క మాట అడిగుంటే చాలు

చీడికాడ మండలంలో ఒక చిన్న సంఘానికి నేను కాపరిని. ఆదివారం మందిరంలో చాపల మీద కూర్చునేవాళ్ళు అరవై మందికి మించరు. చెరకు నరికేవాళ్ళు, ఉపాధి పనికి వెళ్ళేవాళ్ళు, గేదెల పాడి మీద బతికేవాళ్ళు, అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టులు చేసే పిల్లలు. ఇంత చిన్న మందను నడపడంలో కష్టమేముందని కొందరు అడుగుతుంటారు. చిన్న మందలో ఒక్కరు రాకపోయినా ఆ చోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ఖాళీ చోటు వారమంతా కాపరి వెంటే తిరుగుతుంది.

2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ రోజు, ఆదివారం. ఆ ఉదయం మందిరానికి నా చేతులతో నేనే తాళం వేశాను. మళ్ళీ ఎప్పుడు తీస్తామని పెద్దలు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏప్రిల్ 12న పునరుత్థాన పండుగ వచ్చింది. ఏటా చీకటితోనే సమాధుల తోటకు వెళ్ళి, కొవ్వొత్తులు వెలిగించి పాడేవాళ్ళం. ఆ ఏడాది ఎవరి గడప లోపల వాళ్ళు పాడుకున్నారు. అప్పటికి స్మార్ట్‌ఫోన్లున్న ఇళ్ళు మాలో తక్కువ. మామూలు ఫోన్లలోనే నలుగురైదుగుర్ని కలిపి వాక్యం చదివేవాణ్ణి. మా తల్లులు వంట చేసే ప్రతిసారీ దేవుడి పేర పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆ బియ్యం మందిరానికి తెచ్చే దారి మూసుకుపోయింది. అయినా అవి డబ్బాల్లోనే ఉండిపోలేదు, పొయ్యి వెలగని పక్కిళ్ళకు వెళ్ళాయి. అలా చెయ్యమని నేను చెప్పలేదు.

జూన్ 8 నుంచి ప్రార్థనా మందిరాలు తెరవవచ్చన్నారు. మేమూ తెరిచాం. ఏ మార్పు వచ్చినా నా సంఘం తట్టుకుంటుందన్న ధైర్యం అప్పటికి నాలో బలపడింది. ఆ ధైర్యమే నా చేత తప్పు చేయించింది.

ఒక ఆదివారం ప్రసంగం ముగించి, వచ్చే వారం నుంచి ఆరాధన పది గంటలకు కాదు, ఆరున్నరకని ప్రకటించాను. నా కారణం మంచిదే. సెజ్ పిల్లలు కంపెనీ బస్సు ఎక్కేలోపు వాక్యం విని వెళ్తారు. పిల్లలు సంతోషించారు. మూడు వారాలు తిరిగేసరికి ముందు వరసలో కూర్చునే పెద్దమ్మలు కనిపించడం మానేశారు.

వాళ్ళలో ఒకామె ఇంటికి వెళ్ళాను. విధవరాలు, డెబ్బై దాటిన మనిషి. శాలలో పేడ ఎత్తుతోంది. చేతులు కడుక్కుని వచ్చి, నాకు పీట వేసి, నెమ్మదిగా అంది: "టైము మార్సడం తప్పని నానన్ను అయ్యగోరూ. పొద్దున్నే గేదిని పితకాల, పాల కేంద్రానికి పాలు పొయ్యాల. అది మీకూ తెల్సు. మమ్మల్ని ఒక్క మాట అడిగుంటే సాలు."

ఆ రాత్రి అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీశాను. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. యెరూషలేము సంఘం పెరుగుతోంది. అనుదిన పరిచర్యలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. అపొస్తలులు ఆ సణుగుడును అవిశ్వాసం అనలేదు. శిష్యులందరినీ పిలిచి, ఏడుగుర్ని మీరే ఎంచుకోమన్నారు. ఎంపికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంటే సణిగిన పక్షం చేతికే గరిటె ఇచ్చారన్నమాట. ఇన్నేళ్ళు ఆ పేర్లను గబగబా చదివేసి స్తెఫను కథ దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. ఆ రాత్రి పేర్ల దగ్గరే ఆగిపోయాను.

మన తెలుగు సంఘాల చరిత్రలోనూ ఈ పాఠం ఉంది. దక్షిణ భారతంలోని సంఘాలు ఒకటి కావాలని 1919లో తరంగంబాడిలో కొందరు భారతీయ కాపరులు కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ ప్రయత్నానికి ముందు నిలిచినవాళ్ళలో దోర్నకల్ బిషప్ అజరయ్య ఒకరు. తమిళనాడులో పుట్టి, తెలుగు నేర్చి, తెలుగు పల్లెల్లో జీవితం ధారపోసిన మనిషి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. మధ్యలో గడిచినవి 28 ఏళ్ళు. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు, ఆ రోజును చూడలేదు. కలిశాక కూడా, ఏ సంఘం మీదా దానికి మనస్కరించని కాపరిని రుద్దబోమని మాటిచ్చి, పాత పద్ధతులు సర్దుకోవడానికి 30 ఏళ్ళ గడువు పెట్టుకున్నారు. అప్పటికీ నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది బయటే ఉండిపోయారు. దశాబ్దాల తర్వాత గాని కలవలేదు. అంత పెద్ద మార్పుకు వాళ్ళు 28 ఏళ్ళు మాట్లాడుకున్నారు. ఆరాధన వేళ మార్చడానికి నేను 28 నిమిషాలు కూడా మాట్లాడలేదు.

విశాఖపట్నంలో జరిగింది అంతకన్నా పాతది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెగ్రాంజెస్ అనే మిషనరీలు అక్కడికి వచ్చారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు చనిపోయారు. నడిపేవాళ్ళిద్దరూ పోతే పని అక్కడితో ఆగిపోవలసిందే. కాని అనువాదంలో తెలుగువాడైన ఆనందరాయర్‌కు వాళ్ళు భాగం ఇచ్చారు. 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత వచ్చిన మిషనరీ ప్రిచెట్ చేతుల మీదుగా 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. పనిలో పాలు పంచి ఉంటే, నాయకుడు లేని రోజున కూడా ఆ పని నడుస్తుంది.

అడిగితే అన్నింటికీ జవాబు దొరుకుతుందని అనను. మా ఇళ్ళలో ఒక ప్రశ్న మూడు తరాలుగా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాల వారికి ఉన్నది వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ హోదా. బాప్తిస్మం తీసుకుంటే పాత హోదా పోతుంది. అందుకే చదువుకున్న కుర్రాడు ప్రతి ఆదివారం పాటలు పాడతాడు, బాప్తిస్మం మాట వచ్చేసరికి తల దించుకుంటాడు. అతని తల్లి నా వైపు చూస్తుంది. ఒకప్పుడు అలాంటివాళ్ళను ఉద్దేశించి గట్టిగా ప్రసంగించాను. ఇప్పుడు ఆ పని చెయ్యను. రేపు ఏమవుతుందో నాకు తెలియదని వాళ్ళతోనే చెప్తాను. ఆ ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసి వస్తాను. తెలియదని ఒప్పుకున్న కాపరిని సంఘం వదిలిపెట్టదు. తెలిసినట్టు నటించినవాణ్ణి నమ్మడం మాత్రం మానేస్తుంది.

ఆ పెద్దమ్మ మాట తర్వాత నేను నేర్చుకున్న పద్ధతి ఇది. మార్పు ఏదైనా ముందుగా దానివల్ల ఎక్కువ ఇబ్బంది పడేవాళ్ళ ఇంటికి వెళ్తాను. కమిటీ కూర్చునేది ఆ తర్వాతే. ఏ కొత్త పద్ధతినైనా మూడు నెలలకే పెడతాం, గడువు తీరాక అందరం కూర్చుని ఉంచాలా తియ్యాలా తేల్చుకుంటాం. నెలనెలా కానుకల లెక్క అందరి ముందూ చదువుతాం, ఎందుకంటే డబ్బు దగ్గర దాపరికం ఉంటే మార్పు మాట ఎవరికీ ఎక్కదు. కదలనివి ఏవో కూడా ముందే చెప్తాను: ప్రభు బల్ల, రోగి మంచం దగ్గర ప్రార్థన, చావు ఇంట్లో తోడు. కీబోర్డు వచ్చినా, తబలా పోయినా, పాట ఫోన్లో చూసి పాడినా, ఈ మూడూ ఉంటాయని తెలిస్తే పెద్దవాళ్ళ భయం సగం తగ్గుతుంది.

మా ఆరాధన మళ్ళీ పది గంటలకే వచ్చింది. సెజ్ పిల్లల సంగతి ఏం చేద్దామని ఈసారి అందర్నీ అడిగాను. జవాబు ఆ పెద్దమ్మే చెప్పింది. శనివారం రాత్రి తన వాకిట్లో కూడుకోమంది. షిఫ్టు దిగిన పిల్లలు అక్కడికే వస్తున్నారు. వాక్యం వాళ్ళే చదువుతారు, పాట వాళ్ళే ఎత్తుకుంటారు. ఆమె చాప పరిచి, టీ కాచి ఇస్తుంది. నేను చివర కూర్చుంటాను.

వచ్చే ఆదివారం ఏదో ఒక మార్పు ప్రకటించడానికి సిద్ధమవుతున్న సేవకులకు, సంఘ పెద్దలకు నాదొక విన్నపం. ఆ ప్రకటన కాగితం జేబులోనే ఉంచండి. మీ ప్రకటనకు నొచ్చుకునే మనిషి ఎవరో మీకు ఇప్పటికే తెలుసు. శనివారం లోపు ఆ ఇంటికి వెళ్ళి, వేసిన పీట మీద కూర్చుని, ఒక్క మాట అడగండి.