మోటారు ఆఖర్న కొనండి

పారామోటార్ నేర్చుకుంటానని వచ్చే కుర్రాళ్లు మొదట అడిగేది ఇంజను సంగతే. ఎన్ని సీసీ, ఎంత ఖరీదు, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందా అని. జగ్గయ్యపేట, నందిగామ వైపు వాళ్లయితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "ఎక్కడ ఎగురుతావు బాబూ?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. అది తేలకుండా లక్షలు పోసి సామాను కొనడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మామూలు పారాగ్లైడింగ్‌కు కొండ కావాలి. హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్‌కు 2015లో ప్రపంచకప్ పోటీ వచ్చిందంటే ఆ కొండల వల్లే. మన మెట్ట ప్రాంతంలో అంతటి కొండలు లేవు కాబట్టి వీపున మోటారు కట్టుకోవాల్సిందే. నెత్తిన బట్ట రెక్క, వెనక పాతిక కిలోల ఇంజను. ఎదురుగాలిలో పరుగు తీస్తే నేల మీంచే లేస్తాం. 2021 సంక్రాంతికి మహబూబ్‌నగర్‌లో పారామోటార్ పోటీలు జరిగినప్పటి నుంచి మనవాళ్లలో దీని మీద మోజు పెరిగింది. సంతోషమే. కానీ చదునుగా ఉన్న చేనల్లా మైదానం కాదు.

మన చేలనే తీసుకోండి. పారామోటార్‌కు మంచి రోజులు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ రోజుల్లోనే చేలో పత్తి నిలబడి ఉంటుంది. పత్తి కట్టెకు రెక్క తాళ్లు చిక్కుకుంటే విడదీసే లోపు ఎండ ముదిరిపోతుంది. వరి కోసిన మళ్లు ఖాళీగా కనిపిస్తాయి గానీ అడుగడుగునా గట్లే. ముప్పై కిలోల బరువు మోస్తూ, తల పైకెత్తి రెక్కను చూస్తూ పరిగెత్తేవాడికి గట్టు కనిపించదు. వాన పడ్డ నల్లరేగడి బూటును వదలదు. ఫిబ్రవరి దాటితే మిరప కల్లాలు మొదలవుతాయి. వత్సవాయి దారిలో ఒక రైతు నాతో అన్న మాట మర్చిపోలేను: "నీ ఫ్యాను తిప్పావంటే నా కాయంతా దుమ్ము కొట్టుకుపోద్దయ్యా. ఏడాది కష్టం అది." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి ఎండబెట్టిన కాయ మీద ఇసుక చల్లేస్తుంది. చేను ఎవరిదో కనుక్కుని, ఆ రైతును అడిగి, పశువులు ఎటువైపు కట్టేశారో చూసుకున్నాకే సంచీ విప్పాలి.

అన్నిటికంటే పెద్ద గండం కరెంటు తీగ. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి బయల్దేరే హైటెన్షన్ లైన్లు, వాటి కింద ఊళ్ల లైన్లు, బోరు మోటార్లకు లాగిన సర్వీసు వైర్లు. పైనుంచి చూస్తే తీగ నేల రంగులో కలిసిపోతుంది. కనిపించేది స్తంభమే. అందుకే రెండు స్తంభాలు కనిపిస్తే వాటి మధ్య తీగ ఉన్నట్టే లెక్క. కొత్త చోటైతే ముందురోజు సాయంత్రం కాలినడకన చుట్టూ తిరిగి, ప్రతి స్తంభాన్నీ కాగితం మీద గుర్తు పెట్టుకుంటాను. ఫోనులోని మ్యాపు దారి చూపిస్తుంది, తీగను చూపించదు.

ఎత్తు లెక్క కూడా నేలతో ముడిపడిందే. 2022 జూన్‌లో వచ్చిన జాతీయ వైమానిక క్రీడల విధానంలో పారామోటార్ కూడా ఉంది. ప్రభుత్వ గగనతల మ్యాపు డిజిటల్ స్కైలో ఎరుపు, పసుపు ప్రాంతాలకు అనుమతి తప్పనిసరి. ఆకుపచ్చ ప్రాంతం సాధారణంగా నాలుగు వందల అడుగుల వరకు. పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం 135 అడుగులు కదా, దానికి దాదాపు మూడింతలు. అంత ఎత్తున ఇంజను ఆగిపోతే, గాలి లేనప్పుడు మనం వెళ్లగలిగేది ముప్పావు కిలోమీటరు లోపే. ఎదురుగాలి ఉంటే ఇంకా తక్కువ. ఆ పరిధిలో దిగడానికి ఖాళీ చేను ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. వేదాద్రి దగ్గర కృష్ణమ్మ మీద ఎగరాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ నీళ్లలో పడితే వీపున ఉన్న ఇంజను మనిషిని కిందికి లాగేస్తుంది. ఒడ్డు అందే దూరం దాటి నది మీదికి వెళ్లకూడదు. పెనుగంచిప్రోలు తిరునాళ్ల జనం మీదుగా వెళ్లడమైతే ఆలోచనలోకే రాకూడదు.

గాలి సంగతి పుస్తకంలో కంటే ఊళ్లోనే బాగా తెలుస్తుంది. కర్రకు కట్టిన రిబ్బను తల ఎత్తులో గాలి చెబుతుంది. చలికాలం పొద్దున జయంతిపురం సిమెంటు ఫ్యాక్టరీ చిమ్నీ వైపు చూస్తే పైగాలి తెలుస్తుంది. రిబ్బను తూర్పుకు ఊగుతుంటే పొగ ఉత్తరానికి వాలి ఉందనుకోండి, రెండు పొరలు కలిసేచోట రెక్క కుదుపుకు లోనవుతుంది. ఆ పూట సంచీ కట్టేసి టీ తాగడానికి వెళ్లిపోతాను. ఏప్రిల్, మే నెలల్లో దుక్కి చేలో మట్టి సుడి లేస్తుంది చూశారా, అది కంటికి కనిపించే వేడిగాలి స్తంభం. కనిపించనివి చుట్టూ ఇంకెన్నో ఉంటాయి.

ఇక సామాను. ముందు రెక్క. మనిషి 75 కిలోలు, మోటారు 25, పది లీటర్ల పెట్రోలు ఏడున్నర, రెక్క, హెల్మెట్, బూట్లు, అత్యవసర పారాచూట్ కలిపి పది. మొత్తం 117 కిలోలు దాటుతుంది. ఈ మొత్తం రెక్క మీద రాసి ఉన్న బరువు హద్దుల్లో ఉండాలి. సెకండ్ హ్యాండ్ బేరాల్లో మోటారుతో పాటు "ఉచితంగా" వచ్చే రెక్క చాలాసార్లు పాత యజమాని ఒంటికి సరిపోయిందే. మొదటి రెక్క కొత్తవాళ్లకు ఉద్దేశించిన ‘A’ తరగతిదై ఉండాలి. వేగం తక్కువైనా కుదుపు వస్తే తనంతట తాను సర్దుకుంటుంది. బట్ట ఎండకు పాడవుతుంది, గాలిని ఆపే గుణం పోతుంది. పరీక్ష చేయించకుండా కొనొద్దు.

మోటారు విషయానికి వస్తే, బక్కపలచని వాడికి ఎనభై సీసీ ఇంజను సరిపోతుంది, మోకాళ్లకూ మంచిది. ఒళ్లున్నవాడికి ఇటలీ మోస్టర్ లాంటి 185 సీసీ రకం కావాలి. ఎండ ముదిరేకొద్దీ గాలి పలచబడి పరుగు పొడవవుతుంది, ఇంజను బలం చాలదనిపిస్తుంది. అప్పుడు పెద్ద ఇంజను కొనేకంటే తెల్లవారుజామునే లేవడం చవక. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీలుస్తుంది కాబట్టి ట్యాంకులో వారాల తరబడి ఉంచకుండా తీసేయాలి.

రీల్స్ చూసి తొందరపడుతున్న తమ్ముళ్లకు నా విన్నపం ఇదీ. మీ డబ్బును ముందు గురువుకు కట్టండి, తర్వాత రెక్కకు, ఆపైన అత్యవసర పారాచూట్‌కు. పోలీస్ స్టేషన్‌లో చెప్పి, రైతును అడిగి, చేను నడిచి చూసి రండి. అవన్నీ అయ్యాక మోటారు గురించి అడిగితే, ఎంపికలో సాయం చేయడానికి నేను సిద్ధం.