టీడీఎస్ గడి
ఫ్రీలాన్సర్లకూ చిన్న ఏజెన్సీలకూ క్లయింట్ల లెక్క చూసిపెట్టే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లంటే నాకెంతో గౌరవం. లక్ష రూపాయల డిజైన్ పనికి 18 శాతం జీఎస్టీ కలిపి 1,18,000కు బిల్లు వేస్తాం. క్లయింటు అసలు లక్ష మీద 10 శాతం టీడీఎస్ పట్టుకుని 1,08,000 పంపుతాడు. పని తెలియనివాడు రాసిన ప్రోగ్రామ్ ఆ పదివేలనూ బాకీ కింద చూపించి, డబ్బు కట్టిన మనిషికే రిమైండర్ పంపేస్తుంది. ఎంత తలవంపు! తెలిసినవాడు టీడీఎస్‌కు వేరే గడి పెడతాడు. బిల్లు నంబర్ల వరుస తెగకూడదని డిలీట్ బటన్ ఉంచడు, ‘రద్దు’ అని గుర్తు వేయిస్తాడు. తెర మీద మాత్రం ఎవరు, ఏం పని, ఎంత రావాలి, అంతే. రిజిస్టరైన చిన్న సంస్థకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు అందాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. ఆ గడువు దాటిన బిల్లు తనంతట తానే జాబితా పైకొచ్చి కూర్చుంటుంది.