బోర్డుకెక్కే అక్షరం

నల్లగండ్ల ఫ్లైఓవర్ దిగి ఆఫీసు నుంచి ఇంటికెళ్లేవాళ్లు కర్రీ పాయింటు బోర్డు మీద కన్నేసేది ఒక్క క్షణమే. ఆ క్షణం కోసం డిజైనర్ పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు.

'లక్ష్మీ' అన్న పేరే తీసుకోండి. పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయిన పట్టీ దీనికి చాలదు. ఒత్తుల్ని నొక్కేస్తే దూరానికి మచ్చలా కనబడతాయి. పని తెలిసినవాళ్లు అక్షరాన్నే కాస్త తగ్గించి ఒత్తులకు చోటిస్తారు. అదే లోగో వాట్సాప్ డీపీలోనూ, పచ్చడి సీసా లేబుల్ మీదా, షాపు బోర్డు మీదా నిలబడాలి. అందుకే వెక్టర్‌లో గీస్తారు. ఎంత పెంచినా అంచు చెదరదు. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ ఫ్లెక్స్ మీదికొచ్చేసరికి డల్ అయిపోతుంది. ముందే చిన్న ముక్క ప్రింటు తీయించి చూసుకునే డిజైనరంటే నాకు మహా గౌరవం.

రామభద్ర, మండలి లాంటి తెలుగు ఫాంట్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. బాపు చేతిరాతలో ఉన్న ఒడుపు మాత్రం డౌన్‌లోడ్‌కు దొరకదు.

ఇంతలో ఓనరు గారొస్తారు: "వెంకన్న బొమ్మ పెట్టు బాబూ, ఐటమ్స్ అన్నీ రాయి." వెంకన్నను ఎవరు కాదంటారు? ఐటమ్స్ తీయించడానికే రెండు టీలు, బోలెడు ఓపిక కావాలి.