సెకనుకు 12 బొమ్మలు

హైదరాబాదు వారాసిగూడలో మేం అద్దెకున్న గదికి రెండు గల్లీల అవతల ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. క్యాంపస్‌లో చదువుకుంటూ, ఉద్యోగానికి పనికొస్తుందని డాస్, లోటస్, డీబేస్ నేర్చుకోడానికి చేరినవాళ్ళం మేం. చెప్పులు గడప బయట విడిచి, గుళ్ళోకి పోయినట్టు లోపలికి పోవాలి. ఏసీ మా కోసం కాదు, మిషన్ల కోసం. సారు అన్నానికి పోయిన అరగంట మాత్రం ఆ గది మాది. అప్పుడు తెర మీదికి వచ్చేవి రెండే ఆటలు. ఒకటి డేవ్, రెండోది ప్రిన్స్ ఆఫ్ పర్షియా.

డేవ్‌ను ఇష్టపడ్డాం, ప్రిన్స్‌కు భయపడ్డాం. తేడా ఎక్కడుందో అప్పట్లో చెప్పలేకపోయేవాళ్ళం. డేవ్ బటన్ నొక్కగానే ఎగిరేవాడు. ప్రిన్స్ ఎగరడానికి ముందు మోకాళ్ళు వంచి, చేతులు వెనక్కి తీసి, ఆ తర్వాతే లేచేవాడు. ఆ కాస్త వ్యవధిలో కింద పలక కూలిపోయేది.

ఇన్నేళ్ళకు ఈ గొడవ మళ్ళీ మా ఇంట్లో లేచింది. అప్పట్లో నా రూమ్‌మేటు అయిన దోస్తు అమెరికా నుంచి సెలవులకొస్తూ తన పాత ఎక్స్‌బాక్స్ 360 తెచ్చి, మా మేనల్లుడికి ఇచ్చిపోయాడు. అందులో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా క్లాసిక్’ ఉంది. 1989 నాటి ఆటకు 2007 జూన్‌లో వచ్చిన రీమేక్ అది. చేసింది గేమ్‌లాఫ్ట్, మన హైదరాబాదులోనూ స్టూడియో నడిపిన కంపెనీయే. ఇంటర్ చదివే మావాడు రెండు రోజులు అది ఆడి, మూడో రోజు నా ల్యాప్‌టాప్‌లో పాతది చూపించమన్నాడు. అయిదు నిమిషాలయ్యాక తలెత్తి అన్నాడు:

“మామా, గిదేంది? నొక్కినంక ఎప్పుడో కదుల్తుండు. గంట ఆలస్యం!”

ఇదే మాట ఆటగాళ్ళు రీమేక్ వచ్చిననాటి నుంచీ అటూ ఇటూ తిప్పి అంటున్నారు. కొత్తదే హాయిగా ఉందని ఒకరు, ఆ హాయే దాని ప్రాణం తీసిందని ఇంకొకరు. నాకైతే ముందు ఆ ‘ఆలస్యం’ ఎలా తయారైందో చూడాలనిపించింది. ఎందుకంటే అది ఎవరో మరిచిపోయి వదిలేసిన లోపం కాదు. ఒక మనిషి నాలుగేళ్ళు కూర్చుని చేత్తో చెక్కినది.

ఆ మనిషి జోర్డన్ మెక్నర్. యేల్ యూనివర్సిటీలో చదువుతూనే ‘కరాటేకా’ అనే ఆట చేసి, 1984లో బ్రోడర్‌బండ్ కంపెనీ ద్వారా విడుదల చేశాడు. మరుసటి ఏడాది తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు తొడిగి, ఒక పార్కింగ్ స్థలంలో పరుగెత్తించి, దూకించి, గోడ పట్టుకుని వేలాడదీసి వీడియో తీశాడు. ఆ వీడియోను టీవీలో ఒక్కో ఫ్రేము దగ్గర ఆపి, చీకటి గదిలో తెరను మామూలు కెమెరాతో ఫోటో తీశాడు. ఫోటోలు కడిగించి, మనిషి ఆకారం చుట్టూ నల్ల మార్కరుతో, తెల్ల కరెక్షన్ ఫ్లూయిడుతో దిద్ది, జిరాక్స్ తీసి, అప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించాడు. కత్తియుద్ధానికి తమ్ముడు చాల్లేదు. 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమా చివర్లో ఎరల్ ఫ్లిన్, బాసిల్ రాత్‌బోన్ పక్కవాటుగా కనబడుతూ కొట్టుకునే కొద్ది సెకన్ల తునక దొరికింది. యువరాజు కత్తి పట్టే తీరు అక్కణ్ణించి వచ్చింది. సంగీతం తండ్రి ఫ్రాన్సిస్ కట్టాడు. ఇంటిల్లిపాదీ పని చేసిన ఆట.

ఇంత కష్టపడి తెచ్చిన కదలికను మధ్యలో తుంచడానికి అతనికి చేతులు రాలేదు. అందుకే ఆటలోని ఆ కుర్రాడు పరుగు మొదలుపెడితే ఒక ఊపు, ఆపితే ఒక జారుడు. పరుగులో వెనక్కి తిరగమంటే కాలు నేలకు రాసుకుంటూ ఒరిగి, అప్పుడే తిరుగుతాడు. డాస్ ఆట సెకనుకు 12 బొమ్మలే వేస్తుంది, కత్తులు దూసినప్పుడు 10కి తగ్గుతుంది. అంత తక్కువ బొమ్మల్లో మనిషి బరువు తెలియాలంటే ప్రతి బొమ్మా దాని వంతు నిలబడాలి. ఒకటి మింగేసినా కుర్రాడు కాగితం ముక్కై పోతాడు.

తార్నాక చౌరస్తాలో రన్నింగ్ బస్సు ఎక్కినవాళ్ళకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. కడ్డీ చేతికందాక పరుగు మొదలుపెడితే బస్సు పోతుంది. ముందే మొదలుపెట్టాలి. మొదలుపెట్టాక మధ్యలో మనసు మార్చుకుంటే మోకాలు పగులుతుంది. ప్రిన్స్ ఆడడమంటే అంతే. కాలు ఎక్కడ లేపాలో నాలుగు పలకల ముందే తేల్చుకోవాలి. డేవ్‌లో వేలు ఆడేది, ఇందులో లెక్క ఆడేది.

లెక్కకు తగ్గట్టే నేల కూడా కొలిచి వేశాడు. ప్రతి గదీ అడ్డంగా 10 పలకలు, నిలువుగా 3 వరసలు. అంతకు మించి ఒక్క అంగుళం లేదు. ఒక అంతస్తు దూకితే ఏమీ కాదు, రెండు దూకితే ఒక ప్రాణం, మూడైతే చావు. షిఫ్ట్ నొక్కి ఆచితూచి నడిస్తే అడుగు తనంతట తనే పొట్టిదై, సరిగ్గా అంచు దగ్గర ఆగుతుంది. ఇంకోసారి నొక్కితే కుర్రాడు దూకడు. పాదం ముందుకు చాచి, కింద ఏమీ లేదని తెలుసుకుని, వెనక్కి తీసుకుంటాడు. అప్పటికీ నొక్కితే అది మన ఖర్మ. పాదం చాచే ఆ కదలిక నాకు ఆట మొత్తంలో ఎక్కువ ఇష్టం. ప్రాణం తీసే ఆటలో ఆడేవాడికి ఇచ్చిన హెచ్చరిక అది, ఒక్క మాట లేకుండా, ఒక్క కాలితో.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఉన్నచోటనే పైకి ఎగిరి దిగితే ఆ వరసలో వదులుగా ఉన్న పలకలు కదులుతాయి. ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో ఆ చప్పుడే చెబుతుంది. మేకుల పలక మీద పరుగెత్తితే చావు, మెల్లగా నడిచిపోతే ఏమీ కాదు. ఇవేవీ మాకు ఎవరూ చెప్పలేదు. మాన్యువల్ అనేది ఉంటుందనే తెలియదు, మా చేతికొచ్చింది ఫ్లాపీ ఒక్కటే. ఒకడు చచ్చి తెలుసుకుంటే వెనక నిలబడ్డ అయిదుగురికి తెలిసేది.

ఇక నీడ సంగతి. మొదటి రూపంలో ఈ ఆటలో కొట్లాటే లేదట. తోటి ఉద్యోగిని టోమీ పియర్స్ పోరు పెట్టమని పోరుతూనే ఉంది. మెక్నర్ ఆట రాసిన ఆపిల్ 2 మిషన్లో 128 కేబీ మెమరీ యువరాజు బొమ్మలకే నిండిపోయింది, ఇంకో మనిషికి చోటు లేదు. చోటు లేకపోతే ఉన్న మనిషినే వాడుకోవాలి. యువరాజు బొమ్మ మీద అదే బొమ్మను ఒక చుక్క పక్కకు జరిపి వేసి, రెండూ కలిసిన చోటల్లా చెరిపేస్తే మిణుకుమిణుకుమనే అంచు ఒకటి మిగులుతుంది. అదే నీడ మనిషి. నాలుగో లెవల్లో దారికి అడ్డంగా ఒక అద్దం వెలుస్తుంది. పరుగెత్తి దాంట్లోంచి దూకితే అవతల వైపు ఆ నీడ విడిపోయి పారిపోతుంది, మనకు ఒక్క ప్రాణం మిగులుతుంది. తర్వాతి లెవల్లో మనం తాగబోయే సీసా అది తాగేస్తుంది. పన్నెండో లెవల్లో ఎదురుపడుతుంది. దాన్ని పొడిస్తే దెబ్బ మనకు తగులుతుంది. పేదరికంలో వండిన వంట పెళ్ళిభోజనంగా మారడమంటే ఇదే. గోడౌన్ నిండా సరుకున్నవాడికి ఈ నీడ తట్టేది కాదు.

ఇప్పుడు రీమేక్ దగ్గరికి వద్దాం. దాన్ని మెచ్చుకోవడానికి నా దగ్గర గట్టి కారణమే ఉంది. గేమ్‌లాఫ్ట్ వాళ్ళు రంగులన్నీ మార్చారు, గోడలన్నీ త్రీడీ చేశారు, 2003 నాటి ‘సాండ్స్ ఆఫ్ టైమ్’ వేషం వేశారు. గోడల ప్లాను మాత్రం ముట్టుకోలేదు. నా దోస్తు మొదటిసారి కంట్రోలర్ పట్టినప్పుడు ఏమన్నాడంటే, “దారి నాకు గుర్తులేదు, చేతులకు గుర్తుంది.” కత్తి ఎక్కడుందో, గేటు ఏ పలక తొక్కితే తెరుచుకుంటుందో వెతకాల్సిన పని పడలేదు. పాత ఇంటికి రంగులు వేయించి, కొత్త లైట్లు పెట్టి, గడప ఎత్తు మాత్రం అలాగే ఉంచితే చీకట్లో కూడా కాలు తట్టుకోకుండా నడుస్తాం. అలా వదిలేయడానికి సంయమనం కావాలి. పని తెలిసినవాడికి చేయి దురద ఎక్కువ, ఇంకో గది వేద్దామనిపిస్తుంది. 1992లో సూపర్ నింటెండోకు తెచ్చినవాళ్ళు 12 లెవళ్ళను 20 చేశారు, 60 నిమిషాల గడువును 120 చేశారు. అదీ మంచి ఆటే, కానీ వేరే ఇల్లు.

మార్చింది కదలిక. కొత్త యువరాజు గోడను తన్ని ఎగురుతాడు, కత్తి ఆట వేరే పద్ధతిలో తిప్పుతాడు, ఒక భంగిమలోంచి ఇంకో భంగిమలోకి అతుకు కనబడకుండా జారిపోతాడు. మావాడికి నచ్చింది అదే. నేనూ కాదనను, చూడడానికి కన్నుల పండుగ. టైమ్ అటాక్, సర్వైవల్ అని కొత్త పోటీలు పెట్టారు. వాటిల్లో ఆడేవాడికి ఈ చురుకుదనం అవసరమే.

మన దగ్గర 1957 నాటి ‘మాయాబజార్’ను 2010 జనవరిలో రంగుల్లో విడుదల చేసినప్పుడు కూడా ఇలాగే రెండు పక్షాలయ్యాయి. రంగు వద్దన్నవాళ్ళున్నారు, పిల్లలు ఇప్పుడైనా చూస్తున్నారు కదా అన్నవాళ్ళున్నారు. కానీ రంగులు వేసినవాళ్ళు ఎస్వీ రంగారావు నడకను ముట్టుకోలేదు. గేమ్‌లాఫ్ట్ ముట్టుకున్నది సరిగ్గా నడకనే. గోడలు పాత కొలతలవి, కాళ్ళు కొత్తవి. ఆ కొలతలు పాత కాళ్ళకు కుట్టినవి. అందుకే పాత ఆటలో గొంతు తడారిన గుంటల దగ్గర కొత్త ఆటలో చేయి వణకదు. ఇది తప్పని అననుగానీ, నా దోస్తు మొహంలో సంతోషం ఉంది, చెమట లేదు. రెండోది నేను గమనించాను.

రీమేకులకు ఇంకో దారి కూడా ఉంది. దాన్ని ఎక్కువమంది చూడరు. డాస్ ఆటను విప్పి, లోపలి సూచనలను ఒక్కొక్కటే చదివి, కొందరు అభిమానులు ఎస్‌డీఎల్‌పాప్ అని కొత్త మిషన్లకు తిరిగి రాశారు. మావాడు నా ల్యాప్‌టాప్‌లో ఆడింది అదే. ఆ 12 బొమ్మల నడక చెక్కుచెదరలేదు. అసలు ఆటలో ఉన్న తప్పులు ఏమేమిటో జాబితా తీసి, వాటికి దిద్దుబాట్లు కూడా రాసి, వాటిని మీట వెనక పెట్టారు. కావాలంటే దిద్దుకుని ఆడు, వద్దంటే పాత తప్పులతోనే ఆడు. మెక్నర్ పోయిందనుకున్న ఆపిల్ 2 సోర్స్ కోడు 2012లో తండ్రి ఇంట్లో ఒక పెట్టెలోని ఫ్లాపీల్లో దొరికింది, అతను దాన్ని అందరికీ ఇచ్చేశాడు. ఆ పాదం చాచే కదలికకు అందులో ‘టెస్ట్‌ఫుట్’ అని విడిగా పేరుంది. అది చదివిన రోజు నాకు పాత చుట్టం ఉత్తరం రాసినట్టయింది.

మన దేశంలోనూ ఈ యువరాజు మీద చేయి చేసుకున్నవాళ్ళున్నారు. 2020 సెప్టెంబరులో ‘సాండ్స్ ఆఫ్ టైమ్’ రీమేక్‌ను పుణె, ముంబై యూబీసాఫ్ట్ స్టూడియోలు చేస్తున్నాయని ప్రకటించారు. మొదటి వీడియో చూసి బొమ్మ బాగాలేదని ఆటగాళ్ళు విరుచుకుపడ్డారు. 2022 మేలో ఆ పనిని మాంట్రియాల్‌కు మార్చారు. పాత ఆట మీద ప్రేమ ఎక్కువున్నచోట కొత్తవాడి నెత్తిన ఎంత బరువు పడుతుందో అక్కడ తెలిసింది. నాకు వాళ్ళ మీద జాలే కలిగింది.

మొన్న ఆదివారం మావాడు మళ్ళీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కిటికీలోంచి సీతాఫల్‌మండి వైపు రైలు చప్పుడు వస్తోంది. మొదటి లెవల్లో గుంట దగ్గర మూడుసార్లు పడ్డాడు. నాలుగోసారి ఆగి, వెనక్కి పోయి, షిఫ్ట్ నొక్కి అంచుదాకా ఒక్కో అడుగు వేశాడు. కుర్రాడు పాదం చాచి వెనక్కి తీసుకున్నాడు.

“మామా, సూస్తుండు!” అన్నాడు. “కింద ఏమున్నదో కాలుతోటి సూస్తుండు!”

“ఎన్ని అడుగులు వెనక్కి పోవాల్నో చెప్పాల్నా?” అన్నాను.

“నువ్వేం చెప్పకు,” అని నా చేతిని కీబోర్డు మీంచి తోసేశాడు.