ఈరోజు ఏది బాగోలేదమ్మా?

2013 జూలై 16న బిహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో 23 మంది చనిపోయారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసి ఉందని పరీక్షల్లో తేలింది. మన పత్తి రైతులకు బాగా తెలిసిన పురుగుమందే అది. ఆ వార్తలో అందరికీ గుర్తుండిపోయింది ఆ మందు. బడి నడిపేదాన్ని కాబట్టి నాకు గుర్తుండిపోయింది మాత్రం వంట చేసిన మహిళ చెప్పిన మాట. నూనె తేడాగా ఉందని తను ముందే చెప్పానంది, ప్రధానోపాధ్యాయురాలు పట్టించుకోకుండా వండమన్నారంది. వండింది. తనూ ఆ కూర రుచి చూసి ఆసుపత్రి పాలైంది. మూడేళ్లకు కోర్టు ఆ ప్రధానోపాధ్యాయురాలికి జైలు శిక్ష వేసింది.

ఆ వంటావిడకు ధైర్యం లేదని నేను అనను. ఒకసారి నోరు తెరిచి చెప్పింది కదా! ‘ఏం కాదులే, వండు’ అన్నాక రెండోసారి ఏమనాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. అసలు రెండోసారి అనే హక్కు తనకుందని కూడా ఎవరూ చెప్పి ఉండరు. మన బడుల్లో అయినా వంట చేసేవాళ్ల పరిస్థితి ఏమంత మెరుగు? ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ల గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయల నుంచి 3,000 అయింది 2019లో. ఆ మూడు వేలు కూడా హెడ్మాస్టరు మాట మీద, ఊరి పెద్దల దయ మీద నిలబడి ఉంటాయని వాళ్ల నమ్మకం. అలాంటి మనిషి ‘ఇది పెట్టొద్దు’ అనడానికి ఎంత గుండె కావాలో, కుర్చీలో కూర్చున్న మనకు అంత త్వరగా అర్థం కాదు.

అందుకే నేను ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చిన కొత్తల్లో ఒక అలవాటు చేసుకున్నాను. రోజూ వడ్డనకు ముందు వంటగదికి వెళ్తాను. పిల్లలకు పెట్టేముందు ఉపాధ్యాయులు రుచి చూడాలన్న నిబంధన ఎటూ ఉంది. అయితే రుచి కంటే ముందు నేను అడిగే ప్రశ్న ముఖ్యం. ‘అంతా బాగుందా?’ అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, ‘బాగుంది మేడమ్’. పై అధికారి అడిగినప్పుడు నేనూ అదే అంటాను. అందుకని ‘ఈరోజు ఏది బాగోలేదమ్మా?’ అని అడుగుతాను. అలా అడిగితే లోపం చెప్పడం ఫిర్యాదు అవదు, అడిగినదానికి జవాబు అవుతుంది. మొదట్లో మా వంటావిడ నవ్వి ఊరుకునేది. కొన్నాళ్లకు బియ్యంలో పురుగుంది అంది. ఆ తర్వాత గ్యాస్ పైపు పాతబడింది అంది. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి ఆరోజే చేశాను. చేయలేనిది ఎందుకు చేయలేకపోతున్నానో ఆమెకే చెప్పాను.

ఒక వేసవి ఉదయం కోడిగుడ్ల ట్రేలు దిగుతున్నాయి. ఆమె నా గదిదాకా వచ్చింది. మామూలుగా గుమ్మం దాటి రాదు. “మేడమ్, ఒక్కసారి వచ్చి చూడండి” అంది. వంటగదిలో నీళ్ల బకెట్‌లో వేసిన గుడ్లలో సగానికి పైగా పైకి తేలి, మొద్దు వైపు పైకి పెట్టి ఊగుతున్నాయి. తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది. పాతబడేకొద్దీ పెంకు సన్నని రంధ్రాల్లోంచి లోపలి తేమ పోయి, గాలి గది పెరిగి, గుడ్డు తేలుతుంది. ఈ సంగతి సైన్స్ చదువుకున్న నాకూ తెలుసు, బడికి వెళ్లని ఆమెకూ తెలుసు. “ఇవి ఉడకబెట్టనండి” అంది. గొంతు వణికింది కానీ మాట మార్చలేదు.

బయట ఆటో ట్రాలీ దగ్గర సరఫరా కుర్రాడు సంతకం కోసం రసీదు పుస్తకం పట్టుకుని ఉన్నాడు. “అన్ని స్కూళ్లలోనూ తీసుకున్నారు మేడమ్, మీ ఒక్కరికే...” అన్నాడు. నా వంతు అప్పుడు వచ్చింది. ఆమె చెప్పిందాంతో పోలిస్తే నాది చాలా చిన్న పని: సంతకం పెట్టకపోవడం. అయినా అరచేతులు చెమర్చాయి. రాజకీయంగా ఎవరి మనుషులో, రేపు ఎవరు ఫోన్ చేస్తారో అన్న ఆలోచనలు క్షణంలో చుట్టుముడతాయి. ట్రేలు వెనక్కి పంపి, కారణం రిజిస్టర్‌లో రాసి, వంటావిడ గుర్తించిందని కూడా ఆమె పేరుతో రాశాను. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, కాస్త గట్టిగానే మాట్లాడారు. రెండో రోజు వేరే గుడ్లు వచ్చాయి.

కిందివాళ్లు చెప్పడం, పైవాళ్లు వినడం అనే ఈ విషయాన్ని విమానాల వాళ్లు మనకంటే ముందే సీరియస్‌గా తీసుకున్నారు. 1978లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఒక విమానం గాల్లోనే ఇంధనం అయిపోయి కూలింది. ఇంధనం తగ్గుతోందని తోటి సిబ్బందికి తెలుసు, కెప్టెన్‌కు గట్టిగా చెప్పలేకపోయారు. ఆ తర్వాతే కాక్‌పిట్‌లో చిన్నవాళ్లు మాట్లాడడం, పెద్దవాళ్లు వినడం ఒక శిక్షణగా మొదలైంది. మన దగ్గర 2010 మే 22న మంగళూరులో 158 మంది చనిపోయిన ప్రమాదంలో, దిగొద్దు, మళ్లీ పైకి లేపుదామని కో పైలట్ మూడుసార్లు అన్నాడని విచారణ నివేదిక చెప్పింది. కెప్టెన్ దింపడానికే చూశాడు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. చెప్పేవాడు చెప్పాడు. వినే అలవాటు లేని చోట చెప్పేవాడి ధైర్యం ఒక్కటే పిల్లల్నీ, ప్రయాణికుల్నీ కాపాడలేదు.

చెప్పే తీరు కూడా సాధన చేయాల్సిందే. మనకు మొహమాటం ఎక్కువ. ‘సార్, ఒకసారి చూస్తే బాగుంటుందేమో’ అని డొంకతిరుగుడుగా అంటాం, ఎదుటివారికి అది అందదు. మా ఉపాధ్యాయులకు నేను చెప్పేది ఇంతే: చూసింది చెప్పండి, దానివల్ల ఏం జరగొచ్చో చెప్పండి, ఏం చేయాలో చెప్పండి, ఆపండి. ‘నూనె వాసన వేరుగా ఉంది. పిల్లలకు ప్రమాదం. ఇది వాడొద్దు.’ ఇంటి దగ్గర ఒకసారి పైకి అనుకుని వస్తే మాట తడబడదు. నేను కూడా జిల్లా అధికారుల టెలికాన్ఫరెన్స్‌కు ముందు కాగితం మీద రాసుకుంటాను. అందరూ వరసగా ‘యెస్ సార్’ అంటున్నప్పుడు ‘మా బడిలో ఈ గడువుకు కుదరదు సార్’ అనే ఆ ఒక్క వాక్యం కాగితం చూసి చదవడం నాకిప్పటికీ మేలు. మెమో వస్తుందన్న భయం పోలేదు. భయంతోనే చదువుతాను.

సైన్యంలో జరిగే కోర్టు మార్షల్ విచారణలో అభిప్రాయాలు అడిగేటప్పుడు హోదాలో అందరికన్నా చిన్న అధికారితో మొదలుపెట్టే పద్ధతి ఉంది. పెద్దాయన ముందు చెప్పేస్తే మిగతావాళ్లు ఆయన మాటే అంటారు కాబట్టి. మా స్టాఫ్ మీటింగ్‌లో దాన్నే పాటిస్తున్నాను. పదో తరగతికి సాయంత్రం ఆరున్నర దాకా స్పెషల్ క్లాసులు పెడదామని ఈ మధ్య ప్రతిపాదన వచ్చింది. అందరికన్నా జూనియర్ అయిన తెలుగు టీచర్ వంతు ముందు. “పక్క ఊళ్ల ఆడపిల్లలకు ఆఖరి బస్సు అయిదున్నరకే మేడమ్. ఆ తర్వాత పొలాల గట్టు మీద నడిచి వెళ్తారు. ఉదయం పెడదాం” అంది. లెక్కల మాస్టారు మొహం చిట్లించుకున్నారు. ఉదయం పూట పిల్లలు పాలు పోయడానికి, కూలి పనుల్లో ఇంట్లోవాళ్లకు సాయానికి వెళ్తారని, సగం మందే వస్తారని ఆయన వాదన. అదీ నిజమే. ప్రస్తుతానికి ఉదయం క్లాసులే మొదలుపెట్టాం. హాజరు చూసి నెలాఖరు మీటింగ్‌లో మళ్లీ మాట్లాడదామన్నాం. ఈసారి ఆ తెలుగు టీచర్ లెక్కలతో వస్తానని ముందే చెప్పింది, ఆర్టీసీ డిపో మేనేజర్‌కు బస్సు వేళ మార్చమని అర్జీ కూడా తనే రాస్తోంది.