జీర్ణకోశ క్యాన్సర్ శస్త్రచికిత్స: ‘ఉపద్రవం’, ‘సూచిక’ పదాల అర్థవిచారణ

శస్త్రచికిత్స తరువాత తలెత్తే ఇబ్బందులను చెప్పడానికి తెలుగు వైద్యరచనలో స్థిరమైన పదం లేదు. ‘సంక్లిష్టత’, ‘దుష్పరిణామం’, ‘ఉపద్రవం’ మూడూ కనిపిస్తాయి. మొదటిది ఇంగ్లీషు పదానికి నీడ. రోగికి ఏమీ చెప్పదు. రెండవది మందుల చెడు ఫలితాలకు స్థిరపడింది. విచారణకు తగినది మూడవదే. ముందు పుట్టిన వ్యాధికి తోడుగా, దాని మూలం నుంచే తరువాత పుట్టిన వ్యాధిని సుశ్రుతసంహిత ఉపద్రవమంటుంది. ఇంత నిర్దిష్టమైన పదానికి ఎం.ఎ. తరగతిలో అర్థం అడిగితే వచ్చిన జవాబులు తుఫాను, భూకంపం! అర్థపరిణామం ఆ పదాన్ని వైద్యుని నుంచి తప్పించి వార్తాపత్రికకు అప్పగించింది. పైగా సుశ్రుతుని నిర్వచనంలో మూలం వ్యాధి. ఇక్కడ చాలావరకు చికిత్సే మూలం.

‘జీవసూచిక’ (బయోమార్కర్) విషయంలో చిక్కు ఇంకా లోతైనది. పెద్దపేగు క్యాన్సర్‌లో వ్యాధిగ్రస్త భాగాన్ని తొలగించి రెండు కొసలను అతుకుతారు. ఆ అతుకు కారితే పేగులోని పదార్థం కడుపులోకి చేరి ప్రాణాపాయమవుతుంది. లక్షణాలు బయటపడకముందే దానిని గుర్తించడానికి, కాలేయం తయారుచేసే సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను రక్తంలో కొలుస్తారు. 2014లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష మూడవ రోజుకు లీటరుకు 172 మిల్లీగ్రాములు, నాల్గవ రోజుకు 124, అయిదవ రోజుకు 144 పరిమితులుగా చూపింది. పరిమితికి లోబడినవారిలో 97 శాతం మందికి అతుకు కారలేదు. దాటినవారిలో నిజంగా కారినది 21 నుంచి 23 శాతం మందికే.

తర్కపరిభాషలో ఇది సవ్యభిచార హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉండాలి. ఇక్కడ పొగ కనిపించిన అయిదుచోట్లలో సుమారు నాలుగింట నిప్పు లేదు. శస్త్రచికిత్స గాయమే ఈ ప్రోటీన్‌ను పెంచుతుంది, న్యుమోనియా కూడా పెంచుతుంది. అయితే ‘సూచిక’ అనే మాట ఉనికినే సూచిస్తుంది. ఈ పరీక్ష బలమంతా ‘లేదు’ అని చెప్పడంలో ఉంది. ఇక మిగిలిన 3 శాతం. కాలిన ఇనుపగుండులో పొగలేని నిప్పు ఉంటుందని తార్కికులు ఎరుగుదురు. వారికది హేతుదోషం కాదు. ఆస్పత్రిలో అదే అన్నిటికన్నా ప్రమాదకరం. సూచిక తక్కువగా ఉందని ఇంటికి పంపిన రోగి ఆ మూడింటిలో ఒకడు కావచ్చు.

ఈ తేడాను మన క్రియారూపాలు మోయగలవా? ‘అతుకు కారుతుంది’ అన్నప్పుడు భవిష్యత్తూ తద్ధర్మమూ ఒకే రూపంలో ఉన్నాయి. వినేవారు దానిని జోస్యంగా తీసుకోవచ్చు. ‘కారవచ్చు’ అంటే సంభావ్యత వచ్చింది గాని, 3 శాతానికీ 23 శాతానికీ ఆ ఒక్క ‘వచ్చు’తోనే సరిపెట్టాలి. ‘రక్తపరీక్షతో ముందే తెలిసిపోతుంది’ వంటి వాక్యాలలో ఆ మాత్రం ‘వచ్చు’ కూడా ఉండదు.

క్లావియన్-డిండో వర్గీకరణ (2004) ఈ విషయంలో మనకు ఉపయోగపడుతుంది. ఇబ్బంది ఎంత తీవ్రమో విశేషణాలతో చెప్పక, దానికి ఏ చికిత్స అవసరమైందో దానినిబట్టి అయిదు తరగతులు చేస్తుంది, అయిదవది మరణం. తెలుగు అంగీకారపత్రాలలోనూ విశేషణాన్ని వదిలి సంఖ్యను, చర్యను రాయవచ్చు: ‘ఈ పరీక్షలో విలువ పరిమితి దాటిన నూరుమందిలో ఇంచుమించు 22 మందికి అతుకు కారింది, కారితే మళ్లీ కడుపు తెరవవలసి రావచ్చు.’ సంతకం పెట్టే మనిషికి ‘ఉపద్రవం’ అన్న మాట అప్పుడు అక్కరలేదు.